ఒక ఇంట్లో నాలుగు వానాకాలాలు

మా అత్తగారింట్లో ఏటా వానాకాలం నాలుగుసార్లు మొదలయ్యేది.

పెళ్ళయి జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చిన కొత్తల్లో నాకది వింతగా ఉండేది. రెండూ పక్కపక్క ఊళ్ళే. అప్పుడు కృష్ణాజిల్లా పడమటి మెట్ట అనేవాళ్ళు, 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా అంటున్నారు. అక్కడి నల్లరేగడే ఇక్కడా, అక్కడి మండుటెండే ఇక్కడా. ఎండల సంగతి చెప్పేదేముంది! వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి ఎక్కడని చూస్తే ఆ జాబితాలో మా నందిగామ పేరు తరచు కనిపిస్తుంది. అంచేత వాన ఎప్పుడొస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూడ్డం నాకు పుట్టింట్లోనే అలవాటు. అయితే వానాకాలం ఎప్పుడొచ్చినట్టు అన్నదానిమీద ఒకే కప్పుకింద ఇన్ని మతాలుంటాయని మాత్రం అత్తారింటికొచ్చాకే తెలిసింది.

మొదటి వానాకాలం మా మరిదిది. కాలేజీ కుర్రాడు. జూన్ మొదటివారంలో రేడియో దగ్గర చెవిపెట్టి కూర్చునేవాడు. నైరుతి ఋతుపవనాలు కేరళను తాకాయని వార్తల్లో చెప్పగానే "వదినా, వానాకాలం వచ్చేసింది!" అని కేకేసేవాడు. పెరట్లో చూస్తే ఆరేసిన బట్టలు పావుగంటలో అప్పడాల్లా అయ్యేవి.

రెండోది మా చేను కౌలుకు చేసే ఆయనది. ఆయనకు కేరళతో పనిలేదు. మృగశిర కార్తె ప్రవేశిస్తే వానాకాలం. అంటే జూన్ 7, 8 తేదీలు. రోహిణిలో రోళ్ళు పగిలితే మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయని ఆయన లెక్క.

మూడోది మా మామగారిది. కరణీకం చేసేవారు. జూలై 1వ తేదీ పొద్దున్నే కొత్త పుస్తకానికి పసుపు రాయించి "ఫసలీ మారిందమ్మా" అనేవారు. ఫసల్ అంటే పంట. అక్బరు పాదుషా నాటినుంచి వచ్చిన శిస్తుల సంవత్సరం అది. మద్రాసు రాజధానిలో 1855 నుంచి దానికి జూలై 1 మొదటిరోజు. ఆ ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని ఆయనే నాకు నేర్పారు. ఏ చేలో ఏ పంట వేశారో అడంగల్లోకెక్కేది ఆ లెక్కమీదే. 1984లో కరణాలు పోయారు. ఫసలీ మాత్రం పోలేదు.

నాలుగోది అత్తగారిది. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేదీ, అన్నిటికన్నా ఖచ్చితమైనదీ అదే. "శ్రావణం రాందే వర్షఋతువేమిటే? పంచాంగం చూడు" అనేవారు. చైత్రవైశాఖాలు వసంతం, జ్యేష్ఠాషాఢాలు గ్రీష్మం, శ్రావణభాద్రపదాలు వర్షఋతువు. ఆషాఢంలో గంపతో గుమ్మరించినట్టు కురిసినాసరే, ఆవిడ సంకల్పంలో అది గ్రీష్మఋతువే!

నన్నెవరూ అడగలేదుగాని, నాకూ ఒక వానాకాలం ఉండేది. పెరట్లో పిడకలూ, ఎండుపుల్లలూ వసారాలోకి మార్చిన రోజే నా వానాకాలం మొదలు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది, ఒక ఏడు జరిగిన సంగతి చూసేదాకా.

ఆ ఏడు మృగశిర వచ్చిన మర్నాడే పెద్దవాన పడింది. కౌలు చేసే ఆయన సంబరంగా పత్తిగింజలు పెట్టించాడు. ఆ తర్వాత మూడువారాలు చుక్క లేదు. మొలిచిన మొలక మొలిచినట్టే మాడిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయన భార్య పెరటి దోవన వచ్చింది. చెవులు బోసిగా ఉన్నాయి. కొంగుముడి విప్పి కమ్మలజత అత్తగారి ముందు పెట్టింది. రెండోసారి విత్తనాలు కొనాలి, డబ్బు కావాలి.

"అప్పుడే తొందరేమొచ్చిందే? మీ ఆయన నాలుగురోజులు ఆగలేకపోయాడా?" అన్నారు అత్తగారు.

"మృగశిర వచ్చింది గదమ్మగారూ అని పెట్టాడు. మృగశిర వచ్చిందిగాని వానాకాలం రాలేదమ్మా" అన్నది ఆవిడ.

అత్తగారు మారుమాటాడకుండా బీరువా తీశారు. ఆ కమ్మలు మా బీరువాలో మాఘమాసందాకా ఉన్నాయి. పత్తి అమ్ముకున్నాక వచ్చి పట్టుకెళ్ళింది. కాని ఆవిడన్న మాట నాలో ఉండిపోయింది. కార్తె వచ్చింది, కాలం రాలేదు. మరయితే కాలం వచ్చిందని చెప్పాల్సింది ఎవరు? తారీఖా? ఆకాశమా? నేలా?

విచిత్రమేమంటే, ఈ ప్రశ్నకు ఒక పాతజవాబు మా పుట్టినూళ్ళోనే రాతిమీద చెక్కి ఉన్నది.

జగ్గయ్యపేట అన్న పేరు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర పెట్టింది. అంతకుముందది బేతవోలు. ఆ ఊరి పక్కనున్న దిబ్బను ధనంబోడు అంటారు. మా చిన్నప్పుడు అందులో లంకెబిందెలున్నాయని చెప్పుకునేవాళ్ళం. లంకెబిందెల మాటేమోగాని, 1882లో జేమ్స్ బర్జెస్ అనే ఆయన అక్కడ తవ్విస్తే బయటపడింది ఒక బౌద్ధస్తూపం. చక్రవర్తి బొమ్మ చెక్కిన ప్రసిద్ధమైన పలక అక్కడిదే. చెన్నైలో ఎగ్మూరు మ్యూజియానికి వెళ్ళినవాళ్ళు దాన్ని చూసే ఉంటారు.

ఆ స్తూపం దగ్గర దొరికిన స్తంభాలమీద ఒక ప్రాకృతశాసనం ఉంది. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుడి కాలంనాటిది, అంటే క్రీస్తుశకం 3వ శతాబ్దం. వేయించింది రాజుకాదు, మంత్రికాదు. సిద్ధార్థుడనే ఒక మేస్త్రి. అతని తండ్రి కూడా మేస్త్రే. స్తూపానికి తూర్పువాకిట అయిదు ఆయకస్తంభాలు నిలబెట్టి, ఆ పుణ్యంలో ఇంటిల్లిపాదికీ వాటా పెట్టాడు. తల్లి నాగిలని పేరు చెక్కించాడు. భార్య సముదని పేరు చెక్కించాడు. కొడుకుదీ, కూతురిదీ, తమ్ముడిదీ, ఆ తమ్ముడి భార్య కనికదీ, వాళ్ళ పిల్లలదీ కూడా. పదిహేడు వందల ఏళ్ళనాటి ఇద్దరు తోడికోడళ్ళ పేర్లు మనకీవేళ తెలుస్తున్నాయంటే ఆ మేస్త్రి చలవే.

ఇక ఆ శాసనానికి వేసిన తేదీ చూడండి. అందులో నెల లేదు, తిథి పేరు లేదు. రాజు పాలనలో ఇరవయ్యో ఏడు, వర్షాకాలంలో ఎనిమిదో పక్షం, పదో రోజు. అంతే!

అంటే ఆనాడు వాళ్ళు లెక్కపెట్టిన కాలాలు ఆరు కాదు, మూడు. గ్రీష్మం, వర్షం, హేమంతం. ఒక్కొక్కటి నాలుగు నెలలు, ఎనిమిది పక్షాలు. మన రైతులిప్పటికీ ఎండాకాలం, వానాకాలం, చలికాలం అనుకున్నట్టే. ఋతువుల పేర్లు మనకు ఆరున్నా, గడిపేవి మూడే గదా!

మరి ఒక్కొక్క కాలానికి మొదలు ఎక్కడ? దానికి వాళ్ళు పెట్టుకున్న గుర్తు పున్నమి. అది బౌద్ధులు కొత్తగా కనిపెట్టిందేం కాదు. వేదకాలంలో నాలుగేసి నెలలకొకసారి చేసే చాతుర్మాస్యయజ్ఞాలు ఇలాంటి పున్నములకే మొదలయ్యేవి. ఫాల్గుణ పున్నమికి ఎండాకాలం వాకిలి తెరుచుకుంటుంది, ఆషాఢ పున్నమికి వానాకాలం, కార్తీక పున్నమికి చలికాలం. వానాకాలం నాలుగునెలలూ దారులు బురద, వాగులు పొంగు, అడుగుతీసి అడుగేస్తే పురుగూపుట్రా. అందుకని తిరుగాడే బౌద్ధభిక్షువులు ఆషాఢ పున్నమి దాటగానే ఒకచోట వర్షావాసం ఉండేవాళ్ళు. మన సన్యాసులు చాతుర్మాస్యదీక్ష పట్టేదీ ఆ రోజుల్లోనే.

ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టండి. ఆషాఢ పున్నమి మర్నాటినుంచి ఒకటో పక్షం ఆషాఢ బహుళం. రెండు శ్రావణ శుద్ధం, మూడు శ్రావణ బహుళం, నాలుగు భాద్రపద శుద్ధం, అయిదు భాద్రపద బహుళం, ఆరు ఆశ్వయుజ శుద్ధం, ఏడు ఆశ్వయుజ బహుళం, ఎనిమిది కార్తీక శుద్ధం. అందులో పదో రోజంటే కార్తీక శుద్ధ దశమి! మర్నాడు విష్ణుమూర్తి యోగనిద్ర లేచే ఉత్థాన ఏకాదశి, ఆ మర్నాడు మనం తులసికోటలో ఉసిరికొమ్మ నాటి దీపాలు పెట్టే క్షీరాబ్ది ద్వాదశి. వానలు తగ్గి, దారులు ఆరి, బండ్లు కదిలే రోజులవి. మేస్త్రి తన పని ముగించి స్తంభాలు నిలబెట్టింది సరిగ్గా ఆ గుమ్మం ముందన్నమాట.

ఇదే రాజుకు మేనత్త చాంతిసిరి. నాగార్జునకొండలో మహాచైత్యం విషయంలో ఆవిడ వేయించిన శాసనానికి తేదీ ఆరో ఏడు, వర్షాకాలం ఆరో పక్షం, పదో రోజు. పైలెక్కలోనే చూసుకుంటే అది ఆశ్వయుజ శుద్ధ దశమి, మన విజయదశమి. నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఆ కొండలోయ నీళ్ళల్లో మునిగింది. ఆ నీళ్ళనే 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు వదిలారు. ఎడమకాలవ నల్లగొండ, ఖమ్మం దాటి మన మెట్టకు వచ్చింది. దాంతో అప్పటిదాకా ఆకాశం చెప్పిన వానాకాలాన్ని, కాలవ కిందివాళ్ళకు కాలవే చెప్పడం మొదలెట్టింది. నీళ్ళు ఎప్పుడొదిలితే అప్పుడే సాగు మొదలు!

సరే, మూడుకాలాల లెక్క అంత తేలిగ్గా ఉంటే, ఇన్ని గొడవలెందుకొచ్చాయి? చంద్రుడితో వచ్చిన చిక్కు అది. పన్నెండు చాంద్రమాసాలంటే 354 రోజులే. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. ఆ లోటు పోగై నెల కాగానే అధికమాసం వేసి సరిచేస్తారు. అందుకే 2023లో మార్చి 22న వచ్చిన ఉగాది, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. మామిడిచెట్టుకు ఈ సంగతి ఎవరు చెబుతారు? దాని పూత దాని దారిన అది పూస్తుంది. మన వసంతమే రెండున్నర వారాలు అటూఇటూ తిరుగుతుంది.

పోనీ సూర్యుణ్ణి పట్టుకున్న కార్తెలూ సంక్రాంతులూ స్థిరమా అంటే, అవీ కావు. తిరిగే బొంగరం తల మెల్లిగా ఊగినట్టు భూమి ఇరుసు కూడా ఊగుతుంది. దానివల్ల నక్షత్రాలతో కట్టిన లెక్కకీ, అసలు ఋతువుకీ మధ్య సుమారు 72 ఏళ్ళకి ఒకరోజు ఎడం వస్తుంది. సిద్ధార్థ మేస్త్రి కాలంలో మకరసంక్రమణమూ, పగలు పెరగడం మొదలయ్యే అసలు ఉత్తరాయణమూ దాదాపు కలిసే ఉండేవి. ఇప్పుడు ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లోనే వచ్చేస్తోంది. సంక్రాంతి జనవరి 14, 15కి వస్తోంది.

కార్తెలూ అంతే. ఆ మేస్త్రి రోజుల్లో సూర్యుడు మృగశిరలోకి వచ్చేసరికి ఋతువు లెక్కన మే నెల నడిమధ్య. రోళ్ళు పగిలే ఎండలన్నమాట! ముంగిళ్ళు చల్లబడే ప్రసక్తే లేదు. అంటే మృగశిర చల్లదనం గురించి మనం చెప్పుకునే సామెతలు అంత పాతవి కావు. కాలం జరిగినకొద్దీ మన పెద్దవాళ్ళు సామెతలను కూడా దిద్దుకుంటూ వచ్చారు. ఇంకో వెయ్యేళ్ళకు మృగశిర జూన్ 22 ప్రాంతానికి జరుగుతుంది. అప్పటివాళ్ళు మళ్ళీ దిద్దుకోవాలి.

ఈ జారుడును ఆపాలని స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం 1952లో మేఘనాథ్ సాహాగారి అధ్యక్షతన ఒక సంఘం వేసింది. వాళ్ళు చెప్పిన జాతీయపంచాంగం 1957 మార్చి 22 నుంచి అమలైంది. అందులో చైత్రం 1 ఎప్పుడూ మార్చి 22నే, లీపు సంవత్సరమైతే 21న. రేడియోలో పొద్దున్నే ఆ శకతేదీ చెబుతుంటే మా అత్తగారు విని "ఇవాళ చైత్రమేమిటి, వాళ్ళ మొహం!" అనేవారు. లెక్క శాస్త్రీయమైందే. కాని పూజగదిలోకి మాత్రం రాలేకపోయింది.

మరి మా మరిది రేడియోలో వినే వానాకాలం సంగతి? వాతావరణశాఖవారి లెక్కలో జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చినుంచి మేదాకా వేసవి. జూన్ నుంచి సెప్టెంబరుదాకా నైరుతి, అక్టోబరునుంచి డిసెంబరుదాకా ఆ తర్వాతికాలం. ఇది అంకెలు కూడుకోడానికి పెట్టుకున్న లెక్క. సెప్టెంబరు 30 రాత్రి వాన కురుస్తూనే ఉన్నా, తెల్లారితే పద్దు మారిపోతుంది, మామగారి ఫసలీలాగే.

కాని ఋతుపవనాలు వచ్చాయని చెప్పడానికి మాత్రం వాళ్ళు తారీఖును నమ్మరు. కేరళకు జూన్ 1 మామూలు తేదీయేగాని, ఆ రోజు రాగానే వచ్చాయనరు. మే 10 తర్వాత మినికాయ్, తిరువనంతపురం, కొచ్చి, మంగుళూరు లాంటి 14 కేంద్రాల్లో కనీసం అరవైశాతం చోట్ల వరసగా రెండురోజులు రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన పడాలి. పైన గాలి ఎటు వీస్తోందో, ఎంత ఎత్తువరకు ఉందో చూడాలి. మబ్బుల సంగతీ చూడాలి. అన్నీ కలిస్తేనే వచ్చినట్టు. ఎంత శాస్త్రమైనా, చివరకు కమ్మలు తాకట్టు పెట్టిన ఆ ఇల్లాలి మాట దగ్గరికే వచ్చింది చూశారా! తేదీ వస్తే చాలదు, వాన రావాలి.

అదీ చాలదని 2009 చెప్పింది. ఆ ఏడు ఋతుపవనాలు మే 23నే కేరళకొచ్చేశాయి. తీరా జూన్ నెలలో దేశం మొత్తమ్మీద పడాల్సిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువే పడింది. నాలుగునెలలూ గడిచేసరికి 22 శాతం లోటు. ముందొచ్చిన చుట్టం మూట విప్పకుండానే వెళ్ళిపోయినట్టయింది. అందుకే వ్యవసాయశాస్త్రజ్ఞులు పత్తిరైతులకు చెప్పేది కార్తె కాదు, కేరళ కాదు. నల్లరేగడి బాగా నానేలా 60, 70 మిల్లీమీటర్ల వాన పడ్డాకనే గింజ పెట్టమంటారు. చేలో తవ్వి మట్టి పిడికిట పట్టి చూసుకునేవాడికి మిల్లీమీటర్లక్కర్లేదు.

మన పాతవాళ్ళకీ ఇది తెలియక కాదు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు. సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తరకార్తెదాకా చూడు, అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తికెత్తుకుని బతకడానికి పో అని. ఆ సామెతలో కార్తె ఉంది, చూడ్డమూ ఉంది. రెండూ కావాలి.

ఇన్నేళ్ళకి నాకు తోచిందేమిటంటే, కాలానికి మొదలు రెండు రకాలు. ఒకటి లెక్కపెట్టేది, ఒకటి కనిపెట్టేది. పదిమందీ ఒకరోజున కూడాలంటే లెక్క కావాలి. స్తంభం నిలబెట్టడానికీ, శిస్తు కట్టడానికీ, వరలక్ష్మీవ్రతానికి పేరంటాళ్ళను పిలవడానికీ అది ఉండాల్సిందే. తలా ఒకరోజు శ్రావణం అనుకుంటే వాయనం ఎవరికిస్తాం? కాని గింజ నేలలో పెట్టడానికి కనిపెట్టి చూడాలి. మా ఇంట్లో నలుగురూ చెప్పింది నిజమే. ఎవరి పనికి వాళ్ళది సరైన వానాకాలమే. ఒకరి పనికి కట్టిన లెక్కను ఇంకొకరి పనికి వాడినప్పుడే ఆడవాళ్ళ చెవులు బోసిపోతాయి.

2024 సెప్టెంబరు 1 గుర్తుందిగా. మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు రోడ్డుమీదికొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఆ రోజు శ్రావణ బహుళ చతుర్దశి. మర్నాడు పోలాల అమావాస్య, పిల్లల క్షేమంకోసం తల్లులు నోచే నోము. సిద్ధార్థ మేస్త్రి లెక్కలో చెప్పాలంటే వర్షాకాలం మూడో పక్షం పద్నాలుగో రోజు. దారులు మునిగే కాలమని భిక్షువులు నడక మానుకున్న రోజులే! కారులో వెళ్ళేవాళ్ళకు ఆ లెక్క అక్కర్లేదనుకున్నాం, వాగు గుర్తుచేసింది.

మొన్న మా మనవరాలు పుస్తకం పట్టుకొచ్చి "అమ్మమ్మా, వానాకాలం ఎప్పుడు మొదలవుతుంది? ఒక్క ముక్కలో చెప్పు" అంది. "ఎందుకే?" అన్నాను. "పరీక్షకి" అంది. "పరీక్షకైతే జూన్ అని రాయి" అన్నాను. అది రాసుకుని వెళ్ళిపోతుంటే పిలిచి, "సాయంత్రం పెరట్లోకి రా, మట్టి పిడికిట్లో పట్టి చూద్దాం" అన్నాను.